బాపు చెవిలో సన్నని రొద

దూదేకే మిషన్ పక్కన సగం ఆయుష్షు నిలబడిన మనిషికి చెవులు మిగలవని ఎవరిని అడిగినా చెబుతారు. ఒప్పుకోనిది ఒక్క ఖాసిమే. ఆయన లెక్కలో ఆయన చెవులు భేషుగ్గా ఉన్నాయి, లోకంలో జనమే ఈ మధ్య గొంతులు తగ్గించుకున్నారు. "ఇప్పటోళ్ళ తిండ్ల సత్తువ లేదు, మాట గొంతు దాటుతలేదు" అనేవాడు. చెప్పొద్దూ, ఆ మాట మాత్రం గల్లీ చివరిదాకా వినిపించేది.

మహబూబ్‌నగర్‌లో క్లాక్ టవర్ దాటి లోపలికి పోయే గల్లీలో ఆయన పరుపుల దుకాణం. దూదేకుల ఇల్లు వాళ్ళది. మసీదుకు పోతారు, ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడతారు. ఖాసిం తండ్రి విల్లు భుజాన వేసుకుని అచ్చంపేట చుట్టూ ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. ఖాసిం అట్లా తిరగలేక టౌన్లో మిషన్ పెట్టుకుని కుదురుగా నిలబడ్డాడు. పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే ఆ మిషన్ పొద్దున మొదలై మాపటిదాకా ఆగదు. దూది మెత్తబడుతూ వచ్చింది, చెవులు మొద్దుబారుతూ వచ్చాయి.

చెవిటితనాన్ని దాచుకోవడానికి ఆయన దగ్గర ఒకటే ఉపాయం. ఎవరేం చెప్పినా నవ్వి, తల ఊపి, "మంచిదే, మంచిదే" అనడం. చాలా ఏళ్ళు ఆ ఉపాయం బాగానే నడిచింది. ఒకనాడు పక్కనే చాయ్ హోటల్ నడిపే పోచయ్య వచ్చి దుకాణం ముందు నిలబడి ఏదో చెప్పాడు. మిషన్ తిరుగుతోంది. ఖాసిం ఎప్పటిలాగే నవ్వి, "మంచిదే, మంచిదే" అన్నాడు. పోచయ్య చెప్పింది, వాళ్ళమ్మ ఆ తెల్లవారుజామున కన్నుమూసిందని.

పోచయ్య మంచివాడు. "గాయనకు ఇనవడలే, పాపం" అని తానే నలుగురికీ సర్దిచెప్పాడు. ఖాసిం పోయి చేతులు పట్టుకుని ఏడిస్తే, "ఊకో భాయ్, నాకెర్క లేదా నీ సంగతి" అన్నాడు. పోచయ్య మరిచిపోయాడు గాని ఖాసిం మరవలేదు. ఆ తర్వాత ఆయన చాయ్ హోటల్ బల్ల మీద కూర్చోలేదు, పెళ్ళికి పోలేదు, చావుకు పోలేదు. దుకాణం, ఇల్లు, మసీదు, అంతే. ఇంట్లో కూడా భార్య మెహరాజ్ ఏదైనా చెబితే నవ్వడం మానేసి ఊరికే ఆమె ముఖంలోకి చూసేవాడు, ఇది నవ్వాల్సిన మాటా ఏడవాల్సిన మాటా అని వెతుక్కుంటున్నట్టు. ఆ చూపు చూడలేక మెహరాజ్ ఆయనతో మాట్లాడడమే తగ్గించింది.

ఒక్కగానొక్క బిడ్డ మెహ్రీన్ ఆ చూపును భరించలేకపోయింది. టౌన్లోనే ఇంజనీరింగ్ కాలేజీలో ఎం.టెక్. చేస్తోంది. ప్రాజెక్టు ఏం పెట్టుకుంటావని గైడు సుచరిత మేడం అడిగితే, "చెవి మిషన్ చిప్పు మేడం" అంది, ఇంకో ఆలోచన లేకుండా. దవాఖానలో ఇచ్చే చెవి మిషన్లు ఖాసిం ఇదివరకే చూశాడు. పెట్టుకుంటే ఈలలు, తీస్తే నిశ్శబ్దం, ఆ రెంటిలో ఆయన నిశ్శబ్దాన్నే ఎంచుకున్నాడు. మెహ్రీన్ పట్టుదలంతా, బాపు తన ఇష్టంతో చెవికి పెట్టుకునే మిషన్ ఒకటి చెయ్యాలని.

చిప్పులో ఆమె వంతుకు వచ్చింది చాలా చిన్న ముక్క. మైకులోంచి వచ్చే మాట ఎడతెగని ధార. ఆ ధారను చిప్పు ఉన్నపళంగా చదవలేదు. అందుకని ఒక బుల్లి స్విచ్చు, దాని వెనక ఒక బుల్లి కెపాసిటర్ పెడతారు. స్విచ్చు మూసుకుంటే మాట కెపాసిటర్‌లోకి వచ్చి చేరుతుంది. స్విచ్చు తెరుచుకోగానే ఆ క్షణాన ఎంత ఉందో అంత అక్కడే నిలిచిపోతుంది, చిప్పు దాన్ని తీరిగ్గా చదువుకుంటుంది. పట్టుకోవడం, నిలపడం, మళ్ళీ పట్టుకోవడం, సెకనుకు వేలసార్లు ఇదే పని. ఆ పనిలో రొద పుడుతుందా, పుడితే ఎంత అనేది చిప్పు తయారు కాకముందే కంప్యూటర్‌లో చేసి చూసుకోవాలి. దాన్నే సిమ్యులేషన్ అంటారు. చేసింది. తెర మీద గీత నేలకు అంటుకుని పడుకుంది. రొద లేదు, ఉన్నా చెవికి అందనంత తక్కువ. మెహ్రీన్ మురిసిపోయింది.

విద్యార్థుల చిప్పులు తయారుచేయించే పథకమొకటి ఉంటే దాంట్లో పంపించారు. నెలలు గడిచాక మొదటి చిప్పు వచ్చింది. మెహ్రీన్ దాన్ని ఒక చిన్న డబ్బాలో అమర్చింది. డబ్బా చొక్కా జేబులో పెట్టుకోవాలి, అక్కడ్నుంచి తీగ చెవికి. ఇంట్లో, పొద్దున చాయ్ తాగేవేళ, బాపు చెవికి తానే పెట్టి, వాల్యూమ్ నిండుగా తిప్పి, "బాపూ" అని పిలిచింది.

ఖాసిం ఉలిక్కిపడ్డాడు. కళ్ళు పెద్దవయ్యాయి. మెహరాజ్ వంటింట్లోంచి "ఇనవడ్తాందా ఏమయ్యా?" అని ఎప్పటి అలవాటు కొద్దీ అరిస్తే, చెవి మూసుకుని, "నీ గొంతు గింత గట్టిదా?" అన్నాడు.

"గింతకాలం నా గొంతు ఇనకనే కాపురం జేసిండు చూడు!" అని మెహరాజ్ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

ఆ మర్నాడో ఆ తర్వాతి నాడో ఖాసిం మెల్లగా బిడ్డ దగ్గరికి వచ్చాడు. "బిడ్డా, లోపల ఏందో సుయ్‌మంటాంది. ఆగకుంట" అన్నాడు.

మెహ్రీన్ డబ్బా తీసుకుని తన చెవికి పెట్టుకుని, వాల్యూమ్ తన చెవికి సరిపడేంత తగ్గించుకుని విన్నది. ఏమీ లేదు. ల్యాప్‌టాప్ తెరిచి నేలకంటుకున్న గీత చూపించింది. "ఇగో చూడు బాపూ. గీ గీత రొద. ఎంత కింద ఉన్నదో చూసినవా? అసలు సప్పుడే లేదు. నీకు అలవాటు లేక అట్ల అనిపిస్తాంది, అంతే."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని మనవాళ్ళు ఊరికే అనలేదు. చదువుకున్న కుందేలైతే ఆ మూడు కాళ్ళకు గ్రాఫు కూడా గీసి చూపిస్తుంది. ఖాసిం ఆ గీతను చాలాసేపు చూశాడు. అందులో ఆయనకు అర్థమైంది ఒక్కటే, దాని వెనక తన బిడ్డ పడ్డ కష్టం. "అవునులే బిడ్డా, నాదే భ్రమ. మంచిగుంది" అన్నాడు. ఆ రోజు నుంచి ఎప్పుడడిగినా అదే మాట. మంచిగుంది, చాన మంచిగుంది.

చిప్పును సవరించి పంపడానికి ఇంకొక్క అవకాశం ఉంది, నెలాఖరులోగా. ఆ తర్వాత మార్చడానికి వీల్లేదు. బాపు మంచిగుందన్నాడు, కంప్యూటర్ మంచిగుందంది. మెహ్రీన్ ఫైలు పంపడానికి సిద్ధమై కూర్చుంది.

ఒక మధ్యాహ్నం మెహరాజ్ టిఫిన్ డబ్బా ఇచ్చి బిడ్డను దుకాణానికి పంపింది. మిషన్ ఆగి ఉంది. ఖాసిం ఒక పరుపు అంచు కుట్టుకుంటూ, మెహ్రీన్ వచ్చింది గమనించకుండా వంగి ఉన్నాడు. చెవిలో తీగ ఉంది, దాని చుట్టూ దూది. ఆ దుకాణంలో దూది ఎవరి మీద లేదు గనక? తలలో, మీసాల్లో, కనురెప్పల మీద కూడా ఉంటుంది. దులుపుదామని మెహ్రీన్ బాపు చెవి దగ్గర వేలితో అంటే ఆ దూది రాలలేదు. లాగితే చక్కగా ఏకి, వేలి గణుపంత చుట్టి, చెవికీ మిషన్‌కూ మధ్య కూరిన ఉండ బయటికొచ్చింది.

"గిదేంది బాపూ?"

దొరికిపోయిన దొంగ ముఖం పెట్టాడు ఖాసిం. "ఏం లేదు బిడ్డా. జర మెత్తగ ఉంటదని."

"మెత్తగ ఉండనీకా? నిజం చెప్పు. ఇంక సుయ్‌మంటాందా?"

ఆయన సూదిని పరుపుకు గుచ్చి పెట్టాడు. "ఎప్పుడు ఆగింది గనక. దూది పెడితె జర తగ్గుతది. మాట గూడ తగ్గుతదనుకో."

"మరి మంచిగుంది మంచిగుంది అంటివి గదా! నాకు అబద్ధం ఎందుకు చెప్పినవ్?" మెహ్రీన్‌కు కోపం ముంచుకొచ్చింది. గొంతు గల్లీలోకి పోయింది.

"అబద్ధం గాదు బిడ్డా" అన్నాడు ఖాసిం నెమ్మదిగా. "నువ్వు కంప్యూటర్ల చూసి లేదన్నవు. లేని సప్పుడు నాకు ఇనవడ్తాందంటే తప్పు నా చెవులదే గదా అనుకున్న. పాడైన చెవులు. వాటి మాట పట్టుకుని నీ కష్టాన్ని బాగలేదంటనా?"

మెహ్రీన్ టిఫిన్ డబ్బా అక్కడ పెట్టి, చెవి మిషన్ తీసుకుని నేరుగా కాలేజీకి పోయింది. ఆటోలో కూర్చుని ఏడ్చింది కూడా. చెవిటి తండ్రి తన చెవుల్ని నమ్మకుండా బిడ్డ గీతను నమ్మాడు, ఆ గీత మీద ఆమెకు ఇప్పుడు నమ్మకం పోయింది.

ల్యాబులో మొదట చేసిన పని, మైకు తీసేసి, బాపు ఎంత వాల్యూమ్ పెట్టుకుంటాడో అంత తిప్పి చెవికి పెట్టుకోవడం. సుయ్‌మని చెవినిండా రొద! దూరాన వాన పడుతున్నట్టు, ఆగకుండా. ఇన్ని రోజులు తన ఆరోగ్యమైన చెవికి సరిపడేంత వాల్యూమ్‌లో విని, తన చెవికి వినపడలేదు గనక లేదని తీర్పు చెప్పింది. బాపు వినేది నిండు వాల్యూమ్‌లో. ఆ వానను ఆయన పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మోస్తున్నాడు, బిడ్డ నొచ్చుకుంటుందని.

మరి కంప్యూటర్ ఎందుకు లేదంది? మెహ్రీన్ సిమ్యులేషన్ మళ్ళీ తెరిచింది. అదే గీత, నేలకంటుకుని. సుచరిత మేడం వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒక్కొక్క వరుసా చదువుకుంటూ వచ్చారు. స్విచ్చు దగ్గరికి వచ్చేసరికి మెహ్రీన్ వేలు ఆగింది.

"మేడం, ఇండ్ల స్విచ్చు కదులుతలేదు."

నిజమే. ఆ లెక్క చేసే పద్ధతే అది. స్విచ్చును మూసి ఒకచోట నిలబెట్టి, అప్పుడు రొద ఎంత అని అడగడం. పైగా మెహ్రీన్ చెవికి వినిపించే మేరవరకే చూపించమని అడిగింది. దాని పైన ఉండే సన్న సన్న కంపనాలు మనిషి చెవికి ఎట్లాగూ అందవు, లెక్కపెట్టి ఏం లాభం అని వదిలేసింది. నిలబెట్టిన స్విచ్చుకు అది సరైన జవాబే. అసలు చిప్పులో స్విచ్చు ఎక్కడ నిలబడి ఉంటుంది? సెకనుకు వేలసార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ, చెవికందని ఆ పైనున్న రొదనంతా కూడా పట్టి కిందికి, వినిపించే చోటికి తెచ్చి పోస్తుంది. కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు. ఆగిన మిషన్‌ను చూపించి చప్పుడుందా అని అడిగారు, లేదంది.

సుచరిత మేడం కళ్ళద్దాలు తీసి కాసేపు తుడుచుకుంది. హుజూర్‌నగర్ మనిషి, క్లాసులో పుస్తకం భాషలో మాట్లాడుతుంది గాని మనసు కదిలితే సొంత మాటే వస్తుంది. "నేను మా సార్ దగ్గర ఇట్లనే నేర్చుకున్న. నీకు ఇట్లనే నేర్పిన. ఇద్దరం గలిసి మీ బాపును అబద్ధాలకోరును జేసినం గదనే" అంది.

ఈసారి స్విచ్చును నడుస్తుండగానే పెట్టి, ప్రతి క్షణం రొదను చల్లుతూ, చెవికందని పై మేర కూడా కలిపి సిమ్యులేషన్ మొదలుపెట్టారు. కంప్యూటర్ మూలుగుతూ మూలుగుతూ పని చేసింది. అది ముగిశాక గీత నేల మీద లేదు, లేచి కూర్చుంది. డబ్బాలో కొలిచిన అసలు రొద గీతను దాని మీద పెడితే రెండూ ఒక్కటిగా అతుక్కున్నాయి. బాపు చెవులు చెప్పినంతే ఉంది, ఎక్కువా లేదు తక్కువా లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి మెహ్రీన్ బాపు ముందు నేల మీద కూర్చుంది. పాత దుప్పటి ఒకటి పరిచి దాని మీద ఏకిన దూదిని పలచగా, అక్కడక్కడ దుప్పటి కనిపించేంత పలచగా చల్లింది. "బాపూ, వేడి ఉన్నంతసేపు తీగల కరెంటు కుదురుగ ఉండదు, అటిటు కదులుతది. గదే రొద. ఇట్ల పలచగ చాన దూరం పరుచుకోని ఉంటది. నేను మన చెవి ముందరున్న గింత ముక్క చూసి, ఏం లేదన్న." అని ఒక మూల జానెడు చూపించింది. తర్వాత దుప్పటిని మడతల మీద మడతలు వేసుకుంటూ వచ్చి ఆ జానెడు చోటులోకి తెచ్చింది. "స్విచ్చు కొట్టినప్పుడల్ల గిట్ల మడత వడుతది. ఆడున్నదంత ఈడికొస్తది."

ఖాసిం మడత మీద అరచెయ్యి వేసి నొక్కాడు. "మందమయింది" అన్నాడు. దుప్పట్లు, దూది, మడతలు ఆయనకు కొత్తా? ముఖం విప్పారింది. "అంటే ఉన్నదా బిడ్డా? నేను ఇన్నది నిజంగ ఉన్నదా?"

"ఉన్నది బాపూ. నీ చెవులదేం తప్పు లేదు. తప్పు నాది."

ఆయన బిడ్డ తలమీది దూది పోగు ఒకటి తీసి పక్కన పెట్టాడు. మెహరాజ్ మాత్రం గుమ్మంలో నిలబడి, "చెవులు బాగున్నయని తేలింది, ఇగ రేపటిసంది నా మాట ఇనవడలేదంటె ఊకోను" అంది.

మందు కూడా సిమ్యులేషన్ చెప్పింది. కెపాసిటర్ ఎంత పెద్దదైతే రొద అంత తగ్గుతుంది. కాని పెద్ద కెపాసిటర్‌ను సెకనుకు వేలసార్లు నింపాలంటే బ్యాటరీ అంత త్వరగా అయిపోతుంది. ఎందుకైనా మంచిదని సుచరిత మేడం ఆ మొదటి చిప్పులోనే అదనపు కెపాసిటర్లు పెట్టించి ఉంచింది, బయటి నుంచి కలిపితే జతవుతాయి. మెహ్రీన్ రెండు డబ్బాలు తయారుచేసింది, ఒకటి నడిమి సైజుతో, ఒకటి పెద్దదానితో. పెద్దదానికి బ్యాటరీ తరచూ మార్చాలి. నడిమిదానికి ఆ బాధ లేదు. మరి నడిమిదానితో రొద పోయినట్టేనా? గీత సరిగ్గా అంచు మీద ఉంది. వినిపించొచ్చు, వినిపించకపోవచ్చు. ఏ కంప్యూటరూ చెప్పలేదు, బాపు చెవే చెప్పాలి. చిప్పులో ఏది ఉండాలో దాన్ని బట్టి రాసి నెలాఖరులోగా పంపాలి.

ఇక్కడ వచ్చింది అసలు చిక్కు. నడిమి డబ్బా పెట్టి అడిగితే ఖాసిం "మంచిగుంది" అన్నాడు. పెద్దది పెట్టి అడిగితే "గిది గూడ మంచిగుంది" అన్నాడు. ఏది ఎక్కువ బాగుంది అంటే "రెండూ" అన్నాడు. మెహ్రీన్ వెనక్కి తిరిగి ఒక డబ్బాలోంచి బ్యాటరీ తీసేసి, ఖాళీ డబ్బా పెట్టి, "గిది ఎట్లుంది?" అని నోరు కదిపింది. ఖాసిం కళ్ళు మూసుకుని, శ్రద్ధగా విని, తల ఊపాడు.

"అన్నిట్లకు గిదే మంచిగుంది బిడ్డా. అస్సలు సప్పుడే లేదు!"

మెహ్రీన్ గుప్పిట తెరిచి బ్యాటరీ చూపించింది. ఆయన దాన్ని చూశాడు, డబ్బాను చూశాడు, సిగ్గుపడి, "గందుకేనా గంత చల్లగ ఉన్నది" అన్నాడు. మెహరాజ్ పొట్ట పట్టుకుని నవ్వింది. "కాకి పిల్ల కాకికి ముద్దు! నువ్వు ఇటుక పెళ్ళ తెచ్చి చెవిల పెట్టు, మీ బాపు మంచిగుందనే అంటడు" అంది. మెహ్రీన్‌కు నవ్వూ వచ్చింది, దుఃఖమూ వచ్చింది. బడిలో వంకరటింకర బొమ్మ గీసినా, పుస్తకం చూసి చేసిన బిర్యానీ మాడిపోయినా ఈయన మంచిగుందనే అన్నాడు. బాగాలేదనే మాట ఆయన నోట తన కోసం ఎన్నడూ రాలేదు, ఇప్పుడు ఆ మాటే కావాలి. ప్రేమ ఇంత మొండిదైతే మనిషి ఏం చేసేది?

నెలాఖరు దగ్గరపడింది. డబ్బాలు సంచిలో వేసుకుని మెహ్రీన్ మళ్ళీ దుకాణానికి పోయింది, ఇంకోసారి అడుగుదామని. మిషన్ ఆపి ఉంది. దుకాణంలో పనిచేసే సాయిలు అప్పుడే కుట్టి ముగించిన పెళ్ళి పరుపు నేల మీద పరిచి ఉంది. ఖాసిం మోకాళ్ళ మీద కూర్చుని దాని మీద అరచెయ్యి మెల్లగా జరుపుతున్నాడు, తలవైపు నుంచి కాళ్ళవైపుకు, మళ్ళీ వెనక్కి. ఒకచోట చెయ్యి ఆగింది.

"ఈడ గడ్డ ఉన్నది. విప్పు."

సాయిలు చేతులు నడుం మీద పెట్టుకున్నాడు. ఖాసింకు వినపడేట్టు గట్టిగా, "మాపటికి తీస్కపోనీకొస్తరు ఖాసిం భాయ్! గంత చిన్నది ఎవలికి ఎర్కయితది?" అన్నాడు.

"పండేటోనికి ఎర్కయితది. కుట్టెటోనికి ఎర్కగాదు. విప్పు."

"ఇంతమంచిగ కుట్టిన గదా..."

"మంచిగనే కుట్టినవ్. గడ్డ ఉన్నది. విప్పు." గొంతులో కోపం లేదు, బేరం లేదు. సాయిలు గొణుక్కుంటూ కత్తెర తీసుకున్నాడు.

గడప మీద నిలబడ్డ మెహ్రీన్ బాపును అప్పుడే కొత్తగా చూసినట్టు చూసింది. ఈ మనిషికి బాగాలేదనడం రాక కాదు. తనను ఇంకా బొమ్మలు గీసుకునే పిల్లగానే చూస్తున్నాడు, అదీ సంగతి. ఆమె లోపలికి పోయి పరుపు మీద, బాపు ఎదురుగా కూర్చుంది. నడిమి డబ్బా తీసి ఆయన చెవికి పెట్టింది.

"బాపూ, నేను బిడ్డనని మరిచిపో జరసేపు. నేను నీ దుకాణంల పనిచేస్తున్న, సాయిలు తీరు. గిది నేను కుట్టిన పరుపు. దీని మీద పండేది నువ్వొక్కనివే గాదు, నీ అసొంటోళ్ళు ఎంతోమంది. చెయ్యి పెట్టి చూడు. గడ్డ ఉన్నదా, లేదా?"

ఖాసిం నోరు తెరిచాడు. మంచిగుంది అనబోయాడు, పెదవుల మీద ఆ మాట కనిపించింది కూడా. సాయిలు కత్తెర ఆపి చూస్తున్నాడు. విప్పిన కుట్టు పక్కనే ఉంది. ఖాసిం నోరు మూసుకుని కళ్ళు మూసుకున్నాడు. నొసలు ముడిపడింది, పరుపు తడిమేటప్పటి ముఖం వచ్చింది.

"మాట్లాడు" అన్నాడు.

"ఏం మాట్లాడాలె బాపూ? అమ్మ ఇయ్యాల చిక్కుడుకాయ వండింది. నిన్ను తొందరగ రమ్మన్నది."

"ఆగు ఇగ."

ఆగింది. దుకాణంలో ఎవరూ కదలలేదు. ఖాసిం చాలాసేపు విన్నాడు. కళ్ళు తెరిచినప్పుడు అవి తడిగా ఉన్నాయి, కాని గొంతు సాయిలుతో మాట్లాడిన గొంతే.

"గడ్డ ఉన్నది బిడ్డా."

"ఎక్కడుంది?"

"నువ్వు మాట్లాడంగ లేదు. నువ్వు ఊకున్నకాడ ఉన్నది. చిన్నదే. ఉన్నదైతే నిజం." ఒక్క క్షణం ఆగి, "విప్పాలె" అన్నాడు.

మెహ్రీన్ పెద్ద డబ్బా తీసి పెట్టింది. మళ్ళీ మాట్లాడింది, మళ్ళీ ఆగింది. ఈసారి ఖాసిం ఇంకా ఎక్కువసేపు విన్నాడు, బయట సైకిలు పోయిన చప్పుడుకు తల తిప్పి, తిరిగి సద్దుమణిగాక మళ్ళీ విన్నాడు. "దీంట్ల లేదు. చెయ్యి సాఫ్‌గ జారిపోతాంది" అన్నాడు. మెహ్రీన్ ఆ మాటను నమ్మింది. ఉన్నచోట ఉన్నదన్నవాడు లేదంటే నమ్మొచ్చు.

"దీనికి బ్యాటరీ మాటిమాటికి మార్చాలె బాపూ."

"మిషన్‌కు దినాం నూనె వోస్తలేనా? పొయ్యనీ" అన్నాడు ఖాసిం, అదొక సంగతే కాదన్నట్టు.

మెహ్రీన్ లేచి గడప దాటి గల్లీలోకి పోయి ఫోన్ తీసింది. "మేడం, పెద్దదే పెడుతున్న, ఫైలు ఇయ్యాల్నే పంపుదాం" అంటుండగానే ఏడుపొచ్చింది. అట్లాగే అంది, "మేడం, నడిమిది బాగలేదన్నడు మేడం! మా బాపు బాగలేదన్నడు!" పరీక్షలో ఫస్టు వచ్చిందని చెప్పేవాళ్ళు కూడా అంత సంతోషంగా చెప్పరు. బాగాలేదంటే ఇంత సంబరమేమిటో ఫోనులో మేడంకు మొదట అర్థం కాలేదు.

లోపల సాయిలు కుట్టు విప్పుతున్నాడు. ఖాసిం చెవికి పెద్ద డబ్బా తీగ అట్లాగే ఉంది. ఆయన వాకిలి వైపు తల తిప్పి, కదలకుండా కూర్చుని ఉన్నాడు.

"బిడ్డ ఏడుస్తాంది ఖాసిం భాయ్" అన్నాడు సాయిలు బయటికి తొంగిచూసి, ఆయనకు వినపడాలని అరుస్తూ. "గాదు గాదు, నవ్వుతాంది."

"అరవకురా" అన్నాడు ఖాసిం. "రెండూ జేస్తాంది. నాకు ఇనవడ్తాంది."